చక్కెర పాలిమర్లు: సీసాలో కాపాడే గుణమూ, శరీరంలో చేరవేసే గుణమూ ఒకటేనా?

జిజ్ఞాసువు

అందరికీ నమస్కారం. ప్రొటీన్ మందులు, జన్యు మందులు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలతో చేసినవి) చెడిపోకుండా నిలపడానికి చక్కెర పాలిమర్లు, అంటే చక్కెరలు కూర్చిన పొడవాటి గొలుసు అణువులు, పనికొస్తాయని, అవే పాలిమర్లు ఆ మందులను కణాల లోపలికి కూడా చేరవేస్తాయని సమీక్షా వ్యాసాల్లో తరచూ కనిపిస్తోంది. బయోటెక్నాలజీ విద్యార్థిగా నాకు ఇక్కడ రెండు సందేహాలున్నాయి. ట్రాస్టుజుమాబ్, బెవాసిజుమాబ్ వంటి ప్రతిరక్షక మందుల సీసాల్లో ట్రెహలోజ్‌ను (రెండు గ్లూకోజ్‌లు ముడిపడిన చక్కెర) ఎప్పటి నుంచో కలుపుతున్నారు. ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాల్లో సుక్రోజ్ ఉంది. మామూలు చక్కెరే ఇంత పని చేస్తున్నప్పుడు దాన్ని పనిగట్టుకుని ఒక పాలిమర్ గొలుసుకు తగిలించడం వల్ల అదనంగా ఒరిగేదేమిటి? ఇక రెండోది: సీసాలో మందును కాపాడే గుణమూ, శరీరంలో దాన్ని గమ్యానికి చేర్చే గుణమూ ఒకటేనా, లేక రెండు వేరు వేరు విషయాలను ఒకే పేరు కింద కలిపి మాట్లాడుకుంటున్నామా?

శీతలధార

ప్రశ్న బాగుంది. సీసా సంగతి నేను చెబుతాను, శరీరం సంగతి మిగతా సభ్యులు చూసుకుంటారు.

ప్రొటీన్‌కు ఒక నిర్దిష్టమైన మడత ఉంటుంది. ఆ మడత కాస్త సడలితే లోపల దాగి ఉన్న, నీటికి ఇష్టంలేని భాగాలు బయటపడతాయి. అలా బయటపడిన భాగాలు పక్క అణువుల్లోని అలాంటి భాగాలకే అతుక్కుంటాయి. ముద్దకట్టడం మొదలయ్యేది అక్కడే. వేడి ఒక్కటే కారణం కాదు. సీసాను కుదిపినప్పుడు గాలి, నీరు కలిసే అంచు దగ్గర ప్రొటీన్ విప్పుకుపోతుంది. చలి కూడా నిరపాయకరం కాదు. ద్రావణం మంచుగా మారేటప్పుడు గడ్డకట్టేది శుద్ధమైన నీరే కాబట్టి, మిగిలిన కొద్దిపాటి ద్రవంలో ఉప్పూ ప్రొటీనూ విపరీతంగా చిక్కబడతాయి. ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచడానికి సోడియం ఫాస్ఫేట్ బఫర్ వాడితే అందులోని ఒక లవణం ముందుగా స్ఫటికమై విడిపోయి, మిగిలిన ద్రవం ఆమ్లత్వం వైపు జారుతుంది. గది ఉష్ణోగ్రతలో చక్కగా ఉన్న ప్రొటీన్ గడ్డకట్టించగానే పాడవడానికి చాలాసార్లు ఇదే కారణం.

చక్కెర ఇక్కడ మూడు రకాలుగా అడ్డుపడుతుంది. ద్రావణంలో ఉన్నప్పుడు చక్కెర అణువులు ప్రొటీన్ ఉపరితలానికి కాస్త ఎడంగా ఉండిపోతాయి. విప్పుకుంటే ఉపరితలం పెరుగుతుంది కనుక, ముడుచుకుని ఉండడమే ప్రొటీన్‌కు శక్తిపరంగా లాభం అవుతుంది. ఇది టిమాషెఫ్ వివరించిన సూత్రం. నీరు పూర్తిగా పోయాక, నీటి అణువులు ఉండవలసిన చోట చక్కెర హైడ్రాక్సిల్ సమూహాలు హైడ్రోజన్ బంధాలతో కూర్చుంటాయని క్రో దంపతులు ట్రెహలోజ్ మీద చేసిన పరిశోధనల్లో ప్రతిపాదించారు. మూడోది గాజు స్థితి: ఎండిన చక్కెర స్ఫటికంగా మారకుండా గాజులా బిగుసుకుంటే ప్రొటీన్ కదలికలు దాదాపు ఆగిపోతాయి. పూర్తిగా ఎండిన ట్రెహలోజ్ గాజు సుమారు 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, సుక్రోజ్‌ది 70 డిగ్రీల చుట్టుపక్కలే. అయితే ఈ అంకెలు ‘పూర్తిగా ఎండిన’ పదార్థానికి మాత్రమే వర్తిస్తాయి. రెండు మూడు శాతం తేమ మిగిలినా ఆ హద్దు బాగా కిందికి దిగిపోతుంది.

ఫ్రీజ్ డ్రయింగ్ (గడ్డకట్టించి, శూన్యంలో ఆరబెట్టడం) చేసేవారికి ఇది కళ్లముందు కనిపించే సంగతి. ఘనీభవించిన సుక్రోజ్ ద్రావణం మైనస్ 32 డిగ్రీల దగ్గర, ట్రెహలోజ్ ద్రావణం మైనస్ 30 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. మొదటి దశ ఆరబెట్టేటప్పుడు ఆ హద్దు దాటితే సీసా అడుగున తెల్లగా, సమంగా ఉండవలసిన కేక్ గోడల నుంచి విడిపోయి, మధ్యలో గుంట పడి, జిగటగా కుంగిపోతుంది. అలాంటి కేక్‌లో తేమ చిక్కుకుపోతుంది. నీళ్లు పోస్తే త్వరగా కరగదు.

గ్లూకోజ్, లాక్టోజ్ లాంటివి ఎందుకు పనికిరావో కూడా చెప్పాలి. అవి క్షయకరణ చక్కెరలు. నిల్వలో ప్రొటీన్‌లోని లైసిన్ అమైన్‌లతో చర్య జరిపి గోధుమ రంగుకు తిప్పుతాయి. ట్రెహలోజ్‌లో రెండు గ్లూకోజ్‌లూ తమ చర్యాశీల కొసల దగ్గరే ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ బెడద లేదు. సుక్రోజ్‌కూ లేదు గానీ, ఆమ్ల ద్రావణంలో అది నెమ్మదిగా తెగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా మారుతుంది. ట్రెహలోజ్ బంధం అంత సులభంగా తెగదు.

అణుమాల

శీతలధార గారు చెప్పినదానికి కొనసాగింపుగా మొదటి ప్రశ్నకు జవాబిస్తాను. విడి చక్కెర సీసాలో ఉన్నంతసేపే ప్రొటీన్‌కు తోడు. ఇంజెక్షన్ ఇచ్చిన క్షణాల్లో అది శరీర ద్రవాల్లో పలచబడి తన దారిన తాను పోతుంది. పాలిమర్‌గా మార్చి ప్రొటీన్‌కు సంయోజక బంధంతో తగిలిస్తే, ఆ చక్కెర ప్రొటీన్ వెంటే ఉంటుంది. అణువు పరిమాణం పెరగడం వల్ల మూత్రపిండాల వడపోతకు అంత త్వరగా చిక్కదు. అంటే స్థిరీకరణతో పాటు రక్తంలో నిలిచే కాలం పెంచడం అనే రెండో ప్రయోజనం కూడా సిద్ధిస్తుంది.

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెథర్ మేనార్డ్ బృందం 2012లో ప్రచురించిన పని దీనికి మంచి ఉదాహరణ. పక్క కొమ్మల్లో ట్రెహలోజ్ ఉన్న పాలిమర్లను 4,200 నుంచి 49,500 డాల్టన్ల (అణుభారపు ప్రమాణం) వరకు వివిధ పొడవుల్లో తయారుచేసి, కోడిగుడ్డులోని లైసోజైమ్ అనే ఎంజైమ్‌కు డైసల్ఫైడ్ బంధంతో (రెండు గంధక పరమాణువుల ముడి) కలిపారు. పదిసార్లు ఫ్రీజ్ డ్రయింగ్ చేసినా లైసోజైమ్ క్రియాశీలత 100 శాతం వరకు నిలిచింది. 90 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచితే 81 శాతం వరకు మిగిలింది. తోడు లేని లైసోజైమ్‌కు అవే పరిస్థితుల్లో మిగిలింది 16 శాతం, 18 శాతం. సమాన గాఢతలో కలిపిన విడి ట్రెహలోజ్ కన్నా, మందుల్లో ఇప్పటికే వాడుతున్న, చక్కెర కాని పాలిమర్ అయిన పాలిఇథిలీన్ గ్లైకాల్ కన్నా ఈ పాలిమర్లు మెరుగ్గా పనిచేశాయి.

తయారీలోని ఒక చిక్కు గురించి సమీక్షా వ్యాసాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ట్రెహలోజ్‌కు ఎనిమిది హైడ్రాక్సిల్ సమూహాలున్నాయి. అణువు రెండు సగాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒక సగంలో జరిగే చర్య రెండో సగంలోనూ అంతే సులువుగా జరుగుతుంది. మనకు కావలసింది ఒకే వైపు పాలిమరీకరణ సమూహం తగిలిన అణువు. రెండు వైపులా తగిలినవి కొద్ది శాతం మిగిలిపోయినా అవి రెండు గొలుసులను కలిపే వంతెనలవుతాయి. అప్పుడు పాలిమర్ ద్రావణానికి బదులు ఫ్లాస్కులో ఏ ద్రావణిలోనూ కరగని జెల్ తయారవుతుంది. కలియబెట్టే అయస్కాంతం అందులోనే ఇరుక్కుపోతుంది. అందుకే మోనోమర్ (గొలుసులో కూర్చే ఒక్కో ముక్క) శుద్ధీకరణకు పట్టే శ్రమ పాలిమరీకరణకు పట్టే శ్రమ కంటే ఎక్కువ. ‘చక్కెర నుంచి తయారైంది కాబట్టి సులభం’ అనుకునేవారు ముందుగా ఈ దశను చూడాలి.

తటస్థుడు

అణుమాల గారు ఇచ్చిన అంకెలతో పేచీ లేదు. వాటి నుంచి మనం ఎంత దూరం వెళ్లవచ్చన్నదే నా అభ్యంతరం. లైసోజైమ్ చిన్నది, నాలుగు డైసల్ఫైడ్ బంధాలతో గట్టిగా బిగిసి ఉన్న ప్రొటీన్. ప్రయోగశాలలో కొలవడానికి సులువు కాబట్టి దాన్ని ఎంచుకుంటారు. చికిత్సా ప్రొటీన్లలో చాలావాటి ప్రవర్తన అలా ఉండదు.

అంతకన్నా ముఖ్యమైనది ‘సమాన గాఢత’ అన్న మాట. శాస్త్రీయంగా అది సరైన పోలికే. గొలుసుగా కూర్చడం వల్ల ఏమైనా తేడా వచ్చిందా అని తెలుసుకోవడానికి అలాగే పోల్చాలి. అయితే మందు తయారుచేసేవారు విడి ట్రెహలోజ్‌ను పాలిమర్‌తో సమానంగానే కలపాలన్న నియమం ఏమీ లేదు. ఎన్నో రెట్లు ఎక్కువ కలుపుతారు, అది చవక, దాని భద్రత గురించి దశాబ్దాల అనుభవం ఉంది. కనుక సీసాకు మాత్రమే పరిమితమైతే కొత్త పాలిమర్ పోటీపడవలసింది తగినంత విడి చక్కెరతోనూ, కొద్దిగా కలిపే పాలిసార్బేట్‌తోనూ (గాలి, నీరు కలిసే అంచు దగ్గర ప్రొటీన్‌ను కాపాడే సబ్బు లాంటి పదార్థం). ఆ పోటీలో గెలుపు అంత తేలిక కాదు. సంయోజక బంధంతో తగిలించినప్పుడు రక్తంలో నిలిచే కాలం పెరగడమే పాలిమర్‌కు ఉన్న అసలు బలమని నా అభిప్రాయం. అది శరీరంలోని ప్రయోజనం, సీసాలోనిది కాదు.

శీతలధార

సాధారణ ప్రతిరక్షక మందుల విషయంలో తటస్థుడు గారితో ఏకీభవిస్తాను. నానోకణాల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. అక్కడ విడి చక్కెర ఒక్కటే కలిపితే మంచు స్ఫటికాల నడుమ కణాలు ఒకదాని మీదికొకటి నెట్టబడి అతుక్కుపోవడం కొన్నిసార్లు పూర్తిగా ఆగదు. అప్పుడు ఉపరితలం మీదే కాపుదల కావాలి. దీని గురించి కణసేతు గారు రాస్తే బాగుంటుంది.

కణసేతు

రాస్తాను, కాస్త పొడవుగానే.

డీఎన్‌ఏలో ప్రతి బేస్ జతకూ రెండు రుణావేశాలుంటాయి. కణత్వచం బయటి ముఖం కూడా రుణావేశితమే. కాబట్టి నగ్నమైన డీఎన్‌ఏను కణాల మీద పోస్తే అది లోపలికి వెళ్లదు, పైగా రక్తంలోని ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి. ధనావేశం గల పాలిమర్‌తో కలిపితే రెండూ ముడుచుకుని కొన్ని పదుల నుంచి కొన్ని వందల నానోమీటర్ల నానోకణాలవుతాయి, వీటినే పాలిప్లెక్స్‌లంటారు. ఈ రంగం చక్కెరతోనే మొదలైందన్న సంగతి చాలామందికి గుర్తుండదు. 1965లో వహేరి, పగానో పోలియో వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణాల్లోకి ఎక్కించడానికి వాడిన డీఈఏఈ డెక్స్‌ట్రాన్, ధనావేశం ఇచ్చే అమైన్ సమూహాలు తగిలించిన గ్లూకోజ్ గొలుసే. లిపిడ్‌లు (కొవ్వు అణువులు), పాలిఇథిలీన్ఇమైన్ అనే ధనావేశిత పాలిమర్ ఆ తర్వాత వచ్చినవి. పాలిఇథిలీన్ఇమైన్‌ను 1995లో బెహ్ర్ బృందం పరిచయం చేసింది. కణాల్లోకి ఎక్కించడంలో గట్టిది, కణాలను చంపడంలోనూ గట్టిదే.

ధనావేశంతో ఉన్న చిక్కు ఇదే. అది లేనిదే డీఎన్‌ఏ ముడుచుకోదు. అది ఎక్కువైతే కణత్వచాలు దెబ్బతింటాయి, రక్తంలోని ప్రొటీన్లన్నీ వచ్చి అతుక్కుంటాయి, నానోకణాలు పెద్దపెద్ద ముద్దలై ఊపిరితిత్తుల సూక్ష్మ రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. థెరీసా రైనెకే బృందం అనుసరించిన మార్గం, ధనావేశిత అమైన్‌ల నడుమ చక్కెరలను పేర్చడం. 2006లో వచ్చిన ట్రెహలోజ్ పాలిమర్లలో అమైన్ ముక్కా ట్రెహలోజ్ ముక్కా ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటాయి. సీరం (రక్తంలోని ప్రొటీన్లుండే ద్రవం) ఉన్న ద్రావణంలోనూ పాలిప్లెక్స్‌లు ముద్దకట్టకుండా ప్లాస్మిడ్‌ను (వలయాకారపు డీఎన్‌ఏ) చేరవేశాయి.

2013లో అదే బృందం నిర్మాణం మార్చింది. గొలుసులో ఒక సగం పూర్తిగా ట్రెహలోజ్, 51 యూనిట్లు. రెండో సగం పూర్తిగా అమైన్, 34, 65, 84 యూనిట్ల చొప్పున మూడు రకాలు. అమైన్ సగం ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను (ఎంచుకున్న జన్యువు పనిని ఆపే పొట్టి ఆర్‌ఎన్‌ఏ) పట్టుకుని లోపలికి ముడుచుకుంటుంది, ట్రెహలోజ్ సగం బయట పొరగా నిలుస్తుంది. ఆ నానోకణాలు అధిక ఉప్పులోనూ సీరంలోనూ చెదరలేదు. ఫ్రీజ్ డ్రయింగ్ చేసి మళ్లీ నీళ్లు పోస్తే, పని చేసే సామర్థ్యం కోల్పోకుండా మునుపటిలా విడివిడి కణాలుగా తేలాయి. శీతలధార గారు అడిగిన ఉపరితల కాపుదల అంటే ఇదే. నీరు గడ్డకట్టే తీరును మార్చే ట్రెహలోజ్ గుణం గొలుసుగా కూర్చాక కూడా పోలేదని ఈ పని చూపింది.

అయితే కణం లోపలికి వెళ్లడంతో పని అయిపోదు. లోపలికి వెళ్లినది ఎండోజోమ్ అనే సంచిలో చిక్కుకుంటుంది. అక్కడి నుంచి బయటపడకపోతే లైసోజోమ్ అనే జీర్ణ సంచిలో జీర్ణమైపోతుంది. లిపిడ్ నానోకణాల విషయంలో 2013లో చేసిన సూక్ష్మదర్శిని పరిశీలనల్లోనే, సంచి దాటి బయటపడిన ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ 1 నుంచి 2 శాతమేనని తేలింది. చక్కెర పొర ఈ దశలో ఏ సాయమూ చేయదు. పైగా పొర దట్టమైతే అమైన్‌లు సంచి త్వచాన్ని తాకలేక సామర్థ్యం తగ్గవచ్చు. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో ఇంకో తిప్పలు కూడా ఉంది: అది ఇరవై పైచిలుకు బేస్ జతల పొట్టి కడ్డీ. వేల బేస్ జతల ప్లాస్మిడ్ దారంలా చుట్టుకుని బిగుసుకుంటుంది, ఈ కడ్డీ వంగదు. అందుకని ప్లాస్మిడ్‌కు బాగా పనిచేసిన పాలిమర్ ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏకూ పనిచేస్తుందని అనుకోకూడదు.

జిజ్ఞాసువు

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. మరి ఉపరితల పొరకు ఇప్పటికే పాలిఇథిలీన్ గ్లైకాల్ ఉంది కదా. దాన్ని వదిలి చక్కెరకు మారాలనడానికి బలమైన కారణం ఏమిటి? చక్కెర సహజమైనది కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పట్టించుకోదని కొందరు రాస్తున్నారు.

తటస్థుడు

ఆ చివరి వాక్యం గురించే ఈ చర్చలోకి వచ్చాను.

పాలిఇథిలీన్ గ్లైకాల్ తగిలించిన మొదటి ప్రొటీన్ మందు పెగాడెమేజ్‌కు 1990లో అమెరికాలో అనుమతి లభించింది. అప్పట్లో ఆ గొలుసును రోగనిరోధక వ్యవస్థ చూడదనే నమ్మారు. 2010లో అనుమతి పొందిన గౌట్ మందు పెగ్లోటికేజ్ వాడినవారిలో చాలామందికి ఆ గొలుసు మీదే ప్రతిరక్షకాలు పుట్టి, మందు పనిచేయడం మానేసింది. కాబట్టి ప్రత్యామ్నాయం వెతకడానికి కారణం ఉంది, కాదనను.

అయితే ‘చక్కెర కనుక నిరపాయం’ అన్నది పూర్తిగా తలకిందులైన వాదన. మన రోగనిరోధక వ్యవస్థ శత్రువును గుర్తించడానికి వాడే ప్రధానమైన గుర్తుల్లో చక్కెర గొలుసులు ఒకటి. బ్యాక్టీరియా, శిలీంధ్రాల పై పొరలు చక్కెరలతో నిండి ఉంటాయి. వాటిని పట్టుకోవడానికే మాక్రోఫేజ్‌ల (సూక్ష్మజీవులను మింగే రక్షక కణాలు) మీద మనోజ్ అనే చక్కెరను గుర్తించే గ్రాహకం ఉంది. డెక్స్‌ట్రాన్ ద్రావణాలను రక్తంలోకి ఎక్కించే ముందు, అప్పటికే కొందరిలో ఉన్న డెక్స్‌ట్రాన్ ప్రతిరక్షకాలను చిన్న అణువులతో నింపి నిర్వీర్యం చేయడానికి 1,000 డాల్టన్ల డెక్స్‌ట్రాన్ ఇవ్వవలసి వచ్చేది. అలాగే రక్తంలోకి ఎక్కించే హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ విషయంలో సమస్య ప్రతిరక్షకాలది కాదు. తీవ్ర అస్వస్థతలో ఉన్న రోగుల మూత్రపిండాలకు హాని, మరణాలు పెరగడం చూసి 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యున్నత స్థాయి హెచ్చరిక జోడించింది. అదీ చక్కెర పాలిమరే.

మరో సంగతి. పసిపిల్లలకు ఇచ్చే హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి అనే బ్యాక్టీరియా) టీకాను గమనించండి. బ్యాక్టీరియా చక్కెర గొలుసు ఒక్కటే ఇస్తే పసిపిల్లల్లో స్పందన బలహీనం. దాన్నే ఒక ప్రొటీన్‌కు తగిలిస్తే బలమైన, జ్ఞాపకం ఉండే ప్రతిరక్షక స్పందన పుడుతుంది. ప్రొటీన్ మందుకు చక్కెర పాలిమర్‌ను తగిలించే ప్రతివారూ నిర్మాణపరంగా ఒక సంయోజక టీకాను తయారుచేస్తున్నట్టే. స్పందన పుట్టి తీరుతుందని అనడం లేదు. పుట్టలేదని చూపవలసిన బాధ్యత తయారుచేసినవారిదని అంటున్నాను, అదీ ఒక్క మోతాదుతో కాక పలుమార్లు ఇచ్చి చూపాలి.

అణుమాల

హిబ్ పోలిక గట్టిదే, దాన్ని ఒప్పుకుంటూనే ఒక సవరణ. ‘చక్కెర పాలిమర్’ అన్న ఒక్క పేరు కింద మూడు భిన్నమైన నిర్మాణాలున్నాయి. గొలుసంతా చక్కెరే అయినవి మొదటి రకం: డెక్స్‌ట్రాన్, కైటోసాన్, హైలురోనిక్ ఆమ్లం. రెండోవి సంశ్లేషిత కార్బన్ వెన్నెముకకు చక్కెరలు కొమ్మలుగా వేలాడేవి, మేనార్డ్, రైనెకే బృందాల ట్రెహలోజ్ పాలిమర్లు చాలావరకు ఇవే. మూడోవి చక్కెరా అమైనూ ఒకే వరుసలో కూర్చినవి. తటస్థుడు గారు చెప్పిన ఉదాహరణలన్నీ మొదటి రకానివి. ఆ అనుభవాన్ని మూడింటికీ ఒకేలా అంటగట్టలేం.

రెండో రకానికి దాని సొంత లోపం ఉంది, అది చక్కెరలో కాక వెన్నెముకలో ఉంది. మెథాక్రిలమైడ్ వెన్నెముకను శరీరంలోని ఏ ఎంజైమూ తెంచలేదు. ఇలాంటి గొలుసులు సుమారు 45 కిలోడాల్టన్ల లోపు ఉంటేనే మూత్రపిండాల ద్వారా బయటకు పోతాయని ఇదే వెన్నెముక గల హెచ్‌పీఎంఏ పాలిమర్ల అనుభవం చెబుతోంది. ఇంకా పొడవైతే కణాల్లో పేరుకుపోవచ్చు; జీవితాంతం వారం వారం తీసుకోవలసిన ప్రొటీన్ మందుకు ఇది చిన్న విషయం కాదు. ఒకే మోతాదుతో ముగిసే జన్యు చికిత్సలో అదే లోపానికి అంత బరువు ఉండదు.

కైటోసాన్‌ను దాని జీవక్షయ గుణం కోసం మెచ్చుకునేవారు ఆమ్లత్వ సూచిక (పీహెచ్) సంగతి మరిచిపోతుంటారు. దాని అమైన్‌లు 6.5 ప్రాంతంలోనే ఆవేశం కోల్పోవడం మొదలుపెడతాయి. రక్తం 7.4 దగ్గర ఉంటుంది. అంటే కొద్దిగా ఆమ్లంగా ఉన్న ద్రావణంలో డీఎన్‌ఏను చక్కగా బిగించి పట్టిన కైటోసాన్, రక్తంలోకి రాగానే పట్టు వదిలి తానే కరగకుండా పోతుంది. పైగా రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం కాబట్టి గొలుసు పొడవు, ఎసిటైల్ సమూహాలు తొలగిన శాతం ఒక విడతకూ మరో విడతకూ మారుతుంటాయి.

నిర్వాహకులు

ట్రెహలోజ్‌ను ఆహారంగా తీసుకోవడం గురించి వచ్చిన రెండు సందేశాలను వేరే చర్చకు తరలించాం. దయచేసి మందుల స్థిరీకరణ, చేరవేతలకే పరిమితం కావలసిందిగా మనవి.

కణసేతు

మనుషుల్లో పరీక్షించిన చక్కెర పాలిమర్ వాహకం గురించి ఇక్కడ ప్రస్తావించకపోతే చర్చ అసంపూర్ణం. కాల్‌టెక్‌లో మార్క్ డేవిస్ బృందం రూపొందించిన కాలా-01 అనే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ క్యాన్సర్ మందులో ఏడు గ్లూకోజ్‌ల వలయమైన బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌ను ధనావేశిత గొలుసులో పొదిగారు. ఆ వలయం లోపలి గుంటలో అడమాంటేన్ అనే చిన్న అణువు సరిగ్గా అమరుతుంది. దాని రెండో కొసకు పాలిఇథిలీన్ గ్లైకాల్ పొరనూ, కణితి కణాలను వెతికే ట్రాన్స్‌ఫెరిన్‌నూ కట్టారు. 2010లో ప్రచురించిన ఫలితాల్లో, రోగుల కణితుల నుంచి తీసిన ముక్కల్లో నానోకణాలు కనిపించాయి, లక్షిత ఎంఆర్‌ఎన్‌ఏ సరిగ్గా అనుకున్న చోటే తెగినట్టు ఆధారం దొరికింది. రక్తంలోకి ఇచ్చిన ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ మనిషిలో పనిచేస్తుందనడానికి అది తొలి ప్రత్యక్ష సాక్ష్యాల్లో ఒకటి.

ఆ మందు తొలి దశ దాటి ముందుకు సాగలేదు. దాని వెనుక అదే బృందం 2012లో వెలికితీసిన ఒక కారణం ఈ చర్చకు సూటిగా సంబంధించింది. మూత్రపిండాల వడపోత పొరలో హెపరాన్ సల్ఫేట్ దట్టంగా ఉంటుంది. అది దట్టమైన రుణావేశం గల చక్కెర గొలుసు. ధనావేశిత పాలిమర్‌ను అది తన వైపు లాక్కుంటుంది, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ విడిపోయి మూత్రంలోకి జారిపోతుంది. మనం చక్కెర పాలిమర్‌తో కట్టిన నానోకణాన్ని శరీరం తన సొంత చక్కెర పాలిమర్‌తో విప్పేస్తోందన్నమాట. ఉప్పులోనూ సీరంలోనూ నానోకణం చెదరలేదని చూపితే సరిపోదు, హెపరాన్ సల్ఫేట్‌ను పోలిన హెపరిన్ సమక్షంలోనూ పరీక్షించాలి.

ఇక విజయం సాధించిన వైపు చూద్దాం. కాలేయ కణాల మీద గాలాక్టోజ్ జాతి చక్కెరలను పట్టుకునే గ్రాహకం ఒకటుంది. ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్ అణువులు మూడింటిని గుత్తిగా ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ కొసకు కడితే ఆ గ్రాహకం దాన్ని లోపలికి లాక్కుంటుంది. 2019లో అనుమతి పొందిన గివోసిరాన్, తర్వాత వచ్చిన ఇన్‌క్లిసిరాన్ ఈ పద్ధతిలోనివే. ఇన్‌క్లిసిరాన్‌ను తొలి మోతాదుల తర్వాత ఏడాదికి రెండుసార్లు ఇస్తే చాలు. ఇక్కడ పాలిమర్ లేదు, ధనావేశం లేదు, నానోకణమే లేదు. మూడు చక్కెరలు చిరునామాగా పనిచేస్తున్నాయి, అంతే. ఆర్‌ఎన్‌ఏను ఎంజైముల నుంచి కాపాడేది దాని మీద చేసిన రసాయన మార్పులు. కాపాడే పనినీ చేరవేసే పనినీ విడదీసి, ఒక్కోదానికీ తగిన ఉపాయం వెతికినందువల్లే అది సాధ్యమైంది. జిజ్ఞాసువు గారి రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే.

తటస్థుడు

దీనికి ప్రొటీన్ వైపు నుంచి ఇంకా పాత ఉదాహరణ ఉంది. గోషే వ్యాధికి (మాక్రోఫేజ్‌లలో కొవ్వు పేరుకుపోయే వంశపారంపర్య వ్యాధి) 1991లో వచ్చిన ఎంజైమ్ చికిత్సలో, ఎంజైమ్ మీది చక్కెర కొమ్మలను కత్తిరించి చివర మనోజ్ బయటపడేలా చేస్తారు. అప్పుడు మాక్రోఫేజ్‌లు దాన్ని ఆబగా మింగుతాయి. ఆ వ్యాధిలో మందు చేరవలసింది వాటిలోకే. నేను పైన ప్రమాదంగా చెప్పిన మనోజ్ గ్రాహకమే అక్కడ ద్వారం. మందును రక్తంలోనే తిరగనివ్వాలనుకుంటే మాత్రం మనోజ్ కొసలు ఉండకూడదు. ఏ చక్కెర, ఏ కొస, ఏ సాంద్రత అన్నది చెప్పకుండా ‘చక్కెర పొర’ అని మాత్రమే రాసిన వ్యాసాలు నాకు పెద్దగా ఉపయోగపడవు.

అణుమాల

సాంద్రత అన్న మాట తప్పక నొక్కి చెప్పాలి. చక్కెరను పట్టే గ్రాహకాలు ఒక్కో చక్కెరను బలహీనంగానే పట్టుకుంటాయి. చాలా చక్కెరలు తగిన ఎడంలో ఒకేసారి అందితే పట్టు అనేక రెట్లు పెరుగుతుంది. పాలిమర్ సరిగ్గా అదే పని చేస్తుంది, మనం కోరినా కోరకపోయినా. ట్రెహలోజ్‌కు ఇక్కడ కొంత సానుకూలత ఉంది: మనిషి కణాల మీద దాన్ని వెతికే ప్రసిద్ధ గ్రాహకం మింకిల్, అదీ పొడవాటి కొవ్వు ఆమ్లాలు తగిలిన మైకోబ్యాక్టీరియా ట్రెహలోజ్ కోసం ఉన్నది. ఈ పాలిమర్లలో ఆ కొవ్వు గొలుసులు ఉండవు. అయినా తటస్థుడు గారు కోరిన పలు మోతాదుల పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

జిజ్ఞాసువు

చివరగా ఒక ఆచరణాత్మకమైన సందేహం. ‘మా పాలిమర్ ఫ్రీజ్ డ్రయింగ్‌ను తట్టుకుంది’ అని రాసిన వ్యాసం చేతికొస్తే, ముందుగా ఏ బొమ్మ, ఏ పట్టిక చూడాలి?

శీతలధార

నేను చూసే వరుస ఇది. ముందుగా, నీళ్లు పోశాక నానోకణాల పరిమాణం కొలిచారా, కొలిస్తే సగటు ఒక్కటే ఇచ్చారా లేక విస్తరణ మొత్తం చూపారా అని. సగటు మారకపోయినా ఒక మూల చిన్న గుంపు ముద్దకట్టి ఉండవచ్చు. రెండోది, పోలికకు ఏం పెట్టారు. ఏ రక్షకమూ లేని నమూనాతో మాత్రమే పోల్చినవారు పందెం సులభం చేసుకున్నట్టే. తగినంత విడి సుక్రోజ్ కలిపిన నమూనా పక్కన ఉండాలి. మూడోది, ఆరబెట్టిన వెంటనే కరిగించి కొలిచారా, లేక కేక్‌ను వెచ్చని చోట కొన్ని నెలలు నిల్వ ఉంచి కొలిచారా. వెంటనే కొలిస్తే తెలిసేది ఆరబెట్టడాన్ని తట్టుకుందని మాత్రమే. నిల్వను తట్టుకుంటుందని కాదు. మిగిలిన తేమ శాతం రాయకపోతే నిల్వ ఫలితాలకు అర్థమే లేదు.

కణసేతు గారి రంగానికి సంబంధించి ఇంకొకటి: జన్యు చికిత్సల్లో ఇప్పుడు డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే కాస్9 ప్రొటీన్‌ను, దానికి దారిచూపే సుమారు వంద న్యూక్లియోటైడ్‌ల ఆర్‌ఎన్‌ఏతో కలిపి ఒకే సంకీర్ణంగా పంపుతున్నారు. అక్కడ ప్రొటీన్ మడత, ఆర్‌ఎన్‌ఏ జలవిశ్లేషణ, కణాల ముద్దకట్టడం మూడూ ఒకే సీసాలో ఉంటాయి. అలాంటి వ్యాసంలో పరిమాణం మారలేదన్న బొమ్మ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే, మిగతా రెండింటినీ వేర్వేరుగా కొలిచారా అని అనుబంధ పత్రాల్లో వెతకండి.

కణసేతు

దానికి తోడు, నీళ్లు పోశాక జన్యు నిశ్శబ్దీకరణ పరీక్షను సీరం ఉన్న ద్రావణంలో చేశారా, సీరం లేకుండా చేశారా అని కూడా చూడండి. పద్ధతుల విభాగంలో ఒక్క పంక్తిలో ఉంటుంది. సీరం లేకుండా చేసి ఉంటే, ట్రెహలోజ్ పొర అసలు ఏ పని కోసం ఉందో ఆ పనిని వారు పరీక్షించనట్టే.